లండన్ నల్ల టాక్సీ: బస్సుల దారిలో నడిచే అర్హత దానికి ఉందా?

లండన్ వచ్చి తొమ్మిదేళ్లయినా, నిరుటి దాకా నేను నల్ల టాక్సీ ఎక్కిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈస్ట్‌హామ్‌లో ఉండే మాలాంటి వారికి 115 నంబరు బస్సు ఉంటుంది, భూగర్భ రైలు ఉంటుంది, తప్పనిసరైతే ఫోనులో పిలుచుకునే కారు ఉంటుంది. మీటరు మీద నడిచే టాక్సీతో పెద్దగా పని పడదు. నిరుడు వేసవిలో అమ్మ విశాఖపట్నం నుంచి వచ్చి, వచ్చిన మూడో వారంలోనే మెట్ల మీద జారిపడి చీలమండ దగ్గర ఎముక విరగడంతో మా అవసరాలన్నీ మారిపోయాయి. ఏడు వారాలు ఆమె చక్రాల కుర్చీలోనే ఉంది. వారానికొకసారి నగరం నడిబొడ్డున ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లి తీసుకురావలసి వచ్చింది. ఆ రాకపోకల్లో ఎక్కువ భాగం నల్ల టాక్సీలోనే జరిగాయి. ఈ సమీక్ష ఆ ప్రయాణాల గురించి. అయితే ఆ టాక్సీని మెచ్చుకోవాలన్నా, తప్పుపట్టాలన్నా ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోక తప్పదు: బస్సుల కోసం కేటాయించిన దారిలోకి దాన్ని ఎందుకు రానివ్వాలి? మిగతా రోజుల్లో అదే దారిలో బస్సులో ఉద్యోగానికి వెళ్లే మనిషిని కాబట్టి, ఈ ప్రశ్నను నేను రెండు వైపుల నుంచీ చూడవలసి వచ్చింది.

ముందుగా ఆ దారి సంగతి చెప్పాలి. లండన్‌లో బస్ లేన్ అంటే సాధారణంగా రోడ్డుకు ఎడమ అంచున, ఫుట్‌పాత్‌ను ఆనుకుని, మందపాటి తెల్లగీతతో వేరుచేసిన ఒక వరుస. పక్కన నీలం బోర్డు ఉంటుంది. దాని మీద బస్సు బొమ్మ, సైకిలు బొమ్మ, చాలా చోట్ల వాటికి తోడు ‘టాక్సీ’ అనే మాట కనిపిస్తాయి. మనం తెలుగులో కిరాయి కారు దేన్నైనా టాక్సీ అనో క్యాబ్ అనో అనేస్తాం గానీ, ఆ బోర్డు మీది టాక్సీకి అర్థం ఒక్కటే: నగర రవాణా సంస్థ నుంచి టాక్సీగా లైసెన్సు పొంది, నెత్తిన దీపం పెట్టుకుని, వీధిలో చెయ్యెత్తినవారి కోసం ఆగే బండి. ఫోనులో పిలిస్తే వచ్చే కార్లు చట్టం దృష్టిలో టాక్సీలు కావు. 1998 నాటి చట్టం కింద నడిచే ప్రైవేటు కిరాయి కార్లు, వాడుకలో మినీక్యాబ్‌లు. ముందుగా మాట్లాడుకోకుండా అవి ఎవరినీ ఎక్కించుకోకూడదు. మనిషిని ఎక్కించుకోవడానికో దించడానికో బస్ లేన్‌లోకి వచ్చి వెంటనే వెళ్లిపోవచ్చు గానీ, అందులో ప్రయాణం సాగించకూడదు. సాగిస్తే కెమెరా పట్టుకుంటుంది. రవాణా సంస్థ చూసే పెద్ద రోడ్లలో జరిమానా 160 పౌండ్లు, 14 రోజుల్లో కడితే సగం. ఇప్పుడు నగరంలో నల్ల టాక్సీలు 15 వేలకు కాస్త అటూ ఇటూగా ఉంటే, మినీక్యాబ్‌లు 90 వేలు దాటి ఉన్నాయి. వాదమంతా తిరిగేది ఈ రెండు అంకెల చుట్టూనే.

మా మొదటి ప్రయత్నం నల్ల టాక్సీతో కాదు. ఆసుపత్రికి వెళ్లవలసిన మొదటి రోజు ఫోనులో ఒక కారు పిలిచాను. వచ్చిన డ్రైవరు గుమ్మంలో చక్రాల కుర్చీ చూసి, డిక్కీలో పట్టదని చెయ్యి ఊపి, అద్దం కూడా దించకుండా వెళ్లిపోయాడు. మడత పెడితే పడుతుందని నేను చెప్పేలోపే ఫోనులో ప్రయాణం రద్దయినట్టు వచ్చింది. రెండో బండిని వెతుక్కునే ఓపిక లేక బస్సు స్టాపుకు నడిచాం. లండన్ బస్సులన్నీ నేలకు తక్కువ ఎత్తులో ఉంటాయి, మధ్య తలుపు దగ్గర ర్యాంప్ దానంతటదే బయటికి వస్తుంది, ఆ ఏర్పాటు నిజంగా గొప్పది. కానీ ఒక బస్సులో చక్రాల కుర్చీకి చోటు ఒక్కటే. మొదటి బస్సులో ఆ చోటులో అప్పటికే మరొక కుర్చీ ఉంది. రెండో బస్సులో రెండు పిల్లల బండ్లు ఉన్నాయి, వాటి తల్లుల్లో ఒకరు మొహమాటంగా సర్దబోయినా చోటు చాలలేదు. మూడో బస్సు ఎక్కి మేము ఆసుపత్రి చేరేసరికి అరగంట ఆలస్యమైంది. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. బస్సు ఎంత మంచిదైనా, అందులో పట్టని మనుషులు కొందరు ఉంటారని ఆ ఉదయం నాకు మొదటిసారి తెలిసింది.

తిరుగు ప్రయాణంలో ఆసుపత్రి ముందు నిలబడి చెయ్యెత్తాను. ఆగిన నల్ల టాక్సీ డ్రైవరు అరవై దగ్గర పడిన మనిషి. నేనేమీ అడగకముందే దిగివచ్చి, ఫుట్‌పాత్ వైపు తలుపును వెనక్కి బార్లా తెరిచి, నేలలో మడిచి ఉన్న ర్యాంప్‌ను ఒక పట్టీతో లాగి పరిచాడు. అది సరిపోనంత ఏటవాలుగా అనిపించి దానికి మరో మడత కూడా విప్పాడు. అమ్మను కుర్చీతో సహా లోపలికి నెట్టి, చక్రాలకు తాళం వేసి, నాలుగు పట్టీలతో నేలకు బిగించి, చివర ఆమె ఒడి మీదుగా బెల్టు పెట్టాడు. అంతా అయ్యాక ఒక్కసారి కుర్చీని గట్టిగా కదిపి చూశాడు. అప్పుడు గాని మీటరు వేయలేదు. అమ్మ ఇదంతా రెప్పవేయకుండా చూసి, “మన డాక్టరు కూడా నా కాలు ఇంత జాగ్రత్తగా పట్టుకోలేదు నాన్నా” అంది. 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం చక్రాల కుర్చీలో వచ్చినవారికి ఈ సాయం చేయడం డ్రైవరు బాధ్యత, దానికి అదనంగా ఒక్క పెన్నీ అడగకూడదు. లండన్‌లో నల్ల టాక్సీ ప్రతిదీ చక్రాల కుర్చీ ఎక్కేలా ఉండాలన్న నియమం 2000 నుంచీ ఉంది. అంటే వీధిలో కనిపించే ఏ నల్ల టాక్సీకి చెయ్యెత్తినా అది మాకు పనికొచ్చే బండే. ముందు రోజు ఫోను చేసి ప్రత్యేకమైన బండి అడగనక్కర లేదు. కుర్చీలో ఉన్న మనిషికి ఇంతకన్నా పెద్ద స్వేచ్ఛ ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

ఆ రోజు సాయంత్రం ఆల్డ్‌గేట్ దాటి కమర్షియల్ రోడ్డులోకి వచ్చేసరికి కార్లన్నీ బారులు తీరి నిలిచిపోయి ఉన్నాయి. మా టాక్సీ ఎడమ వరుసలోకి తిరిగి, ఒక బస్సు వెనుక చేరి, ఆ బారును మెల్లగా దాటుకుంటూ వెళ్లింది. ఇక్కడ మీటరు పనిచేసే తీరు చెప్పాలి. నల్ల టాక్సీ మీటరు దూరాన్ని మాత్రమే లెక్కించదు. వేగం ఒక హద్దు కంటే తగ్గితే కాలాన్ని లెక్కించడం మొదలుపెడుతుంది. ఆగిన బండిలో కూర్చున్నా కిరాయి పెరుగుతూనే ఉంటుంది. ధరలను నిర్ణయించేది డ్రైవరు కాదు, రవాణా సంస్థ. పగలు ఒక రేటు, సాయంత్రం, వారాంతం మరొకటి, రాత్రి ఇంకొకటి. కాబట్టి బస్ లేన్‌లో నడిచే వీలు మొదట మేలు చేసేది వెనుక సీటులో కూర్చున్నవారి జేబుకే. ఆ రోజు ఈస్ట్‌హామ్ చేరేసరికి మీటరు 58 పౌండ్లు చూపించింది. అమ్మ మనసులో లెక్క వేసుకుని, “ఆరు వేల రూపాయల పైమాటే” అని నిట్టూర్చింది. ఆ బారులోనే నిలబడి ఉంటే ఎంతయ్యేదో నేను ఆమెకు చెప్పలేదు. అదే దూరానికి బస్సులో నా ఖర్చు 1.75 పౌండ్లు, పైగా గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ కట్టనక్కర లేదు. ఈ తేడాను కళ్లముందు పెట్టుకోకుండా టాక్సీ హక్కు గురించి మాట్లాడటం న్యాయం కాదు.

డ్రైవర్ల విషయానికి వస్తే, నేను ఎక్కిన బండ్లలో ఒక్కరు కూడా దారి కోసం ఫోను వైపు చూడలేదు. నగర కేంద్రమైన చారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల వృత్తంలో ఉన్న సుమారు 25 వేల వీధులు, వాటి మధ్య 320 దారులు, దారి పొడవునా ఉన్న ఆసుపత్రులు, కోర్టులు, హోటళ్లు, స్మశానాలతో సహా కంఠతా వస్తే తప్ప వారికి లైసెన్సు రాదు. ‘నాలెడ్జ్’ అని పిలిచే ఈ పరీక్ష 1865 నుంచి ఉంది. పరీక్షాధికారి ఎదురుగా కూర్చుని రెండు చోట్ల పేర్లు చెబితే, మధ్య దారిని మలుపు మలుపుగా నోటితో అప్పజెప్పాలి. మన దగ్గర వేదపాఠశాల విద్యార్థి పనస తప్పకుండా చెప్పినట్టు. మాకు మూడోసారి తారసపడిన డ్రైవరు తాను మూడున్నరేళ్లు చలిలో వానలో మోపెడ్ మీద తిరిగి ఆ దారులు నేర్చుకున్నానని చెప్పాడు. చదువు విలువ నాకు అర్థమైంది ఆయన అడిగిన ఒక చిన్న ప్రశ్నతో. ఆసుపత్రి పేరు చెప్పగానే, “ముందు గుమ్మమా, వెనుక గుమ్మమా? ముందు వైపు మెట్లున్నాయి, వెనుక వీధిలో ఫుట్‌పాత్ అంచు దించి ఉంటుంది, కుర్చీకి అదే మంచిది” అన్నాడు. రెండు వారాలుగా మేము ముందు గుమ్మం దగ్గరే దిగి, చుట్టూ తిరిగి లిఫ్టు దగ్గరికి వెళుతున్నాం. ఫోనులోని పటం ఆ మాట మాకు ఎప్పుడూ చెప్పలేదు.

టాక్సీకి బస్ లేన్ ఎందుకివ్వాలనే ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. దీపం వెలిగించి తిరిగే నల్ల టాక్సీ మనకోసం ఆగాక, ప్రయాణం 12 మైళ్ల లోపైతే డ్రైవరు సరైన కారణం లేకుండా కాదనకూడదు. హీత్రూ విమానాశ్రయం నుంచైతే ఆ హద్దు 20 మైళ్లు. ఈస్ట్‌హామ్ అనగానే మొహం చిట్లించి “అటు నుంచి ఖాళీగా రావాలి” అనే వీలు ఆయనకు లేదు. మన ఊళ్లలో ఆటో స్టాండు దగ్గర ముగ్గురిని బతిమాలి నాలుగోవారితో బేరం కుదుర్చుకున్న అనుభవం ఉన్నవారికి ఈ నియమం విలువ విడమరిచి చెప్పనక్కర లేదు. ధర తన చేతిలో లేదు, ఎవరిని ఎక్కించుకోవాలన్నది పూర్తిగా తన ఇష్టం కాదు, బండి ఎలా ఉండాలన్నదీ తన ఇష్టం కాదు. 2018 జనవరి 1 నుంచి కొత్తగా లైసెన్సు పొందే బండి పొగ లేకుండా నడవగలిగేదై ఉండాలి కూడా. ఇన్ని బాధ్యతలు మోసే బండి సగం ప్రజా రవాణాయే. బాధ్యతతో పాటు దారి ఇవ్వడం నాకు న్యాయంగానే తోస్తుంది. పైగా బస్ లేన్ ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఉంటుంది. టాక్సీని పక్క వరుసలోకి నెట్టేస్తే, చెయ్యెత్తిన మనిషి దానికి కనిపించడు, కనిపించినా అది గీత దాటి అడ్డంగా రావలసి ఉంటుంది. ఖాళీ టాక్సీకి బస్ లేన్ దేనికని కోపగించుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఇప్పుడు బస్సు పైఅంతస్తులోంచి కనిపించేది చెబుతాను. ఉదయం పూట 115లో ముందు సీటు దొరికితే నాకు రోడ్డంతా కనిపిస్తుంది. ఒకనాడు ఆల్డ్‌గేట్ దగ్గర సిగ్నలు ముందు మా బస్సుకు అడ్డంగా వరసగా నాలుగు టాక్సీలున్నాయి. మూడింటిలో ఒక్కొక్కరే కూర్చుని ఉన్నారు, నాలుగోది ఖాళీ. గ్రీన్ పడింది, మూడు టాక్సీలు వెళ్లాయి, నాలుగోది కదిలేలోపు ఎవరో చెయ్యెత్తారు, అది ఆగింది. ఆ మనిషి ఎక్కి, పెట్టె లోపల పెట్టుకుని, తలుపు వేసుకునేసరికి మళ్లీ రెడ్ పడింది. మా బస్సులో నిలబడినవారితో కలిపి అరవై మందికి తక్కువ లేరు. ఒక్కరి సౌకర్యం కోసం అరవై మంది ఒక సిగ్నలు కోల్పోయారు. లండన్ బస్సుల సగటు వేగం గంటకు 9 మైళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. పరుగెత్తే మనిషి దాన్ని అందుకోగలడు. అలాంటి బస్సుకు ఒక్కో సిగ్నలూ విలువైనదే. ఆ బస్సులో తెల్లవారుజామునే లేచి ఆఫీసులు తుడవడానికి వెళ్లి వస్తున్నవారున్నారు, ఆసుపత్రి డ్యూటీకి వెళ్లే నర్సులున్నారు, వారిలో ఎవరూ 58 పౌండ్లు పెట్టి టాక్సీ ఎక్కలేరు. నల్ల టాక్సీ సేవను ఎంత మెచ్చుకున్నా, ఆ ఉదయం నాకు కలిగిన కోపాన్ని దాచుకోవడం సరికాదు.

మినీక్యాబ్ వైపు వాదన కూడా నేను దగ్గర నుంచి విన్నాను. గుంటూరు జిల్లా నుంచి వచ్చి పదేళ్లుగా మినీక్యాబ్ నడుపుతున్న ఒక పెద్దాయన మా పక్క వీధిలోనే ఉంటారు. అమ్మను చూడటానికి వచ్చినప్పుడు మాటల్లో ఈ ప్రస్తావన వచ్చింది. “నా బండిలో ఎక్కేది మాత్రం మనుషులు కాదాండీ?” అన్నారాయన. “నల్ల టాక్సీ ఆయన ట్రాఫిక్‌లో ఆగినా మీటరు తిరుగుతుంది, ఆ నష్టం ఎక్కినవారిది. నాకు రేటు ముందే కట్టేస్తారు. నేను ఇరుక్కుంటే నష్టం నాదే. అసలు ఆ దారి అవసరం ఎవరికి ఎక్కువో మీరే చెప్పండి.” ఆ మాటలో నిజముంది, నేను అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆయన వాదమే ఒకప్పుడు పెద్ద కోర్టు దాకా వెళ్లింది. 2010 అక్టోబరులో సౌతాంప్టన్ రో అనే వీధిలోని బస్ లేన్‌లో నడిచిన మినీక్యాబ్‌లకు పడిన జరిమానాల మీద మినీక్యాబ్‌లు నడిపే ఆడిసన్ లీ సంస్థకు చెందిన ఈవెన్‌టెక్ కంపెనీ పోరాడింది. 2012లో ఆ సంస్థ అధినేత తన డ్రైవర్లందరినీ బస్ లేన్‌లలో నడపమని చెబితే, రవాణా సంస్థ హైకోర్టుకు వెళ్లి ఆపించింది. చివరికి 2015 జనవరి 14న ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. నల్ల టాక్సీ ఎవరినైనా ఎక్కించుకోవలసిందే, కుర్చీ ఎక్కేలా ఉండవలసిందే, వీధిలో మనుషులను ఎక్కించుకునే హక్కు దానికే ఉంది, కాబట్టి ఈ రెండూ ఒకే రకం బండ్లు కావు, ఒకరికి దారి ఇచ్చి మరొకరికి ఇవ్వకపోవడం ప్రభుత్వం ఒక పక్షానికి అన్యాయంగా మేలు చేయడం కిందికి రాదు అన్నది దాని సారాంశం.

ఆ తీర్పుతో నేను ఏకీభవిస్తాను, కానీ నా కారణం కోర్టు కారణం కన్నా మోటైనది. 15 వేల బండ్లను భరించే దారి, ఇంకో 90 వేలను భరించలేదు. ఆ వరుసలోకి మినీక్యాబ్‌లు కూడా వచ్చిననాడు అది బస్ లేన్‌గా మిగలదు; పక్కనున్న బారుకు అది రెండో బారు అవుతుంది, అంతే. అప్పుడు పెద్దాయనకు కలిసొచ్చేదేమీ ఉండదు, బస్సులోని అరవై మందికీ దారి పోతుంది. ఈ సంగతి మనకు కొత్తది కాదు. మా విశాఖపట్నంలో పెందుర్తి వైపు, సింహాచలం వైపు బీఆర్టీఎస్ పేరుతో రోడ్లు వెడల్పు చేసి, బస్సులకని ప్రత్యేకంగా వరుసలు కేటాయించారు. గోపాలపట్నంలో మా ఇంటి ముందు నుంచి వెళ్లే ఆ వరుసల్లో ఆటో, కారు, మోటారు సైకిలు ఏదైనా తిరగడం అమ్మ ఏళ్ల తరబడి చూస్తూనే ఉంది. కమర్షియల్ రోడ్డులో ఆ మొదటి రోజు, పక్కన కార్లన్నీ ఆగిపోయి ఉండగా ఎవరూ గీత దాటి మా వరుసలోకి రాకపోవడం చూసి ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: “వీళ్లెవరూ ఇటు ఎందుకు రావట్లేదు, పోలీసులు కూడా లేరు కదా?” కెమెరా ఉందని చెప్పాను. గీత మీద గౌరవం నిలవాలంటే గీత దాటిన ప్రతివారికీ ఉత్తరం ఇంటికి రావాలి. అది లేనిచోట ఎవరిని రానివ్వాలన్న చర్చకు అర్థమే లేదు.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. బస్ లేన్ ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, పక్కన ఆగిన కారులోంచి చూసేవారికి కడుపు మండుతుంది. హీత్రూ నుంచి నగరానికి వచ్చే ఎం4 మోటార్‌వేలో 1999లో బస్సులకూ టాక్సీలకూ కలిపి ఒక వరుస కేటాయిస్తే, పదకొండేళ్ల పాటు కారు నడిపేవారు తిట్టుకున్నారు, 2010 చివర ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 2008లో వేసిన బస్సుల దారిని 2016లో పగలగొట్టారు. టాక్సీలు కూడా తిరుగుతుంటే దారి కాస్త నిండుగా కనిపించి జనం ఊరుకుంటారని కొందరు అంటారు. ఎం4 అనుభవం ఆ మాటను నిలబెట్టదు. అక్కడ టాక్సీలు ఉండనే ఉన్నాయి.

సేవగా నల్ల టాక్సీకి నేను ఐదింట నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు ధర కోసం కాదు, అది దొరికే చోటు కోసం. ఈస్ట్‌హామ్ హై స్ట్రీట్‌లో మీరు రోజంతా నిలబడినా దీపం వెలిగిన నల్ల టాక్సీ కనిపిస్తుందన్న నమ్మకం లేదు. అవి తిరిగేది నగర కేంద్రంలో, పెద్ద స్టేషన్ల దగ్గర, విమానాశ్రయంలో. వెళ్లేటప్పుడు మేము ప్రతిసారీ ముందుగా ఫోనులో చెప్పుకోవలసి వచ్చింది, రెండుసార్లు ఎవరూ దొరకలేదు. చక్రాల కుర్చీలో ఉన్నవారందరూ నగరం మధ్యలోనే ఉండరు. బస్ లేన్ అనే విలువైన హక్కును నగరం మొత్తం తరఫున పొందిన సేవ, తూర్పు శివార్లలో కూడా కొంత కనిపించాలని అడగడం అత్యాశ కాదు. 2010 దశకం మధ్యలో 22 వేలు దాటి ఉన్న ఈ టాక్సీలు ఇప్పుడు ఇంతగా తగ్గిపోవడం దీనికి ఒక కారణం. కొత్త బండి ఖరీదు, నాలెడ్జ్‌కు పట్టే ఏళ్లు చూసి కుర్రవారు ఇటు రావడం లేదని డ్రైవర్లే చెప్పారు. కార్డుతో చెల్లించడం 2016 నుంచి తప్పనిసరి కావడంతో ఆ చిక్కు మాత్రం ఎక్కడా ఎదురవలేదు. రసీదు అడగకముందే ఇచ్చారు.

మా చివరి ప్రయాణాల్లో ఒకటి లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌కు. స్టేషన్ ముందున్న బిషప్స్‌గేట్ రోడ్డు, టాక్సీల హక్కు ఎక్కడ ఆగాలో తేల్చిన చోటు. 2020లో కోవిడ్ సమయాన రవాణా సంస్థ అక్కడ పనిదినాల్లో ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా బస్సులు, సైకిళ్లు మాత్రమే దాటగలిగే బస్ గేట్లు పెట్టి, టాక్సీలను కూడా ఆపింది. టాక్సీ సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2021 జనవరిలో హైకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది, అదే ఏడాది అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసి రవాణా సంస్థ పక్షాన నిలిచింది. 149, 35 లాంటి బస్సులు ఒకదాని వెంట ఒకటి వచ్చే రోడ్డది. అలాంటి చోట టాక్సీ కూడా పక్కకు తప్పుకోవాలన్న నిర్ణయాన్ని, 115 పైఅంతస్తులో కూర్చునే మనిషిగా నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అన్ని బస్ లేన్‌లలోనూ టాక్సీని రానివ్వాలని గాని, ఒక్కదానిలోనూ వద్దని గాని పట్టుబట్టడం కన్నా, బస్సులు ఎంత దట్టంగా తిరుగుతాయో చూసి రోడ్డు రోడ్డుకూ విడిగా నిర్ణయించడమే సరైన పని.

కానీ ఆ రోజు వెనుక సీటు పక్కన పట్టీలతో బిగించిన కుర్చీలో అమ్మ ఉంది. డ్రైవరు గేటుకు ముందే పక్క వీధిలోకి తిరుగుతూ, చుట్టూ తిరిగి వెళితే మీటరు ఇంకో ఆరేడు పౌండ్లు తిరుగుతుందనీ, ఇక్కడే దిగితే స్టేషన్ గుమ్మం రెండు వందల గజాలనీ నిజాయితీగా చెప్పాడు. దిగిపోయాం. ర్యాంప్ మీదుగా కుర్చీని దించి ఆయన మళ్లీ పట్టీలు మడుస్తుండగా, సన్నగా వాన మొదలైంది. అమ్మ ఒడిలో సంచీ, దాని మీద నా గొడుగు పెట్టుకుని, నేను నెడుతుంటే రాళ్లు పరిచిన ఫుట్‌పాత్ మీద కుర్చీ ప్రతి అతుకు దగ్గరా ఎగిరింది, ఎగిరినప్పుడల్లా ఆమె పంటి బిగువున కాలు పట్టుకుంది. గేటు కెమెరా బండి నంబరును చదవగలదు. చక్రాల కుర్చీలో ప్రయాణికురాలున్న టాక్సీ, ఆమెను దించడానికి వెళుతున్నప్పుడు, ఆ నంబరును అదే రోజు రవాణా సంస్థకు తెలియజేస్తే జరిమానా వేయకుండా వదిలే ఏర్పాటు చేయడం పెద్ద పనేమీ కాదు. కుర్చీ ఎక్కే వసతి ఉన్న మినీక్యాబ్‌కు, అలాంటి ప్రయాణికులున్న సమయంలో, అదే వెసులుబాటు ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఈ మాటను రవాణా సంస్థకు రాసి పంపాను. వచ్చే ఏప్రిల్‌లో అమ్మ మళ్లీ వస్తుంది, కుర్చీ అవసరం ఉండదు గానీ చేతికర్ర ఉంటుంది.